కులం మాట లేని 18 పాఠాలు

ఒకరు నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దసారు. ఇంకొకరు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు సోషల్ చెప్పే టీచరమ్మ. రేపోమాపో హెడ్మాస్టర్లు, మండల విద్యాధికారులు కాబోయే టీచర్లకు సామాజిక న్యాయం మీద క్లాసులు తీసుకోవాల్సిన పని ఆమె మీద పడింది. ఫోన్లు, ప్రొజెక్టరు, బడుల లెక్కలుండే ఆన్‌లైన్ పట్టికలు వాడి ఆ క్లాసులు నడపాలని ఆమె అనుకుంటోంది. పెద్దసారుకు అది గిట్టలేదు.

పెద్దసారు: నీ కాగితం చదివినానమ్మా. మొదటిరోజు వీడియో, రెండోరోజు ఫోన్లో ప్రశ్నలు, మూడోరోజు గ్రాఫులు. మనుషులు ఎప్పుడొస్తారు దీంట్లోకి?

టీచరమ్మ: హాల్లో కూర్చునేవాళ్లంతా మనుషులే కదా సార్.

పెద్దసారు: వాళ్లు కాదు. అన్యాయం ఎవరికి జరిగిందో ఆ మనుషులు. కేంద్రం టీచర్లకు పెట్టిన నిష్ఠా శిక్షణ సంగతి చూడు. 42 లక్షల మంది టీచర్లు, హెడ్మాస్టర్ల కోసమని 2019 ఆగస్టులో మొదలుపెట్టినారు. కరోనా వచ్చినాక 2020 అక్టోబరు నుంచి దీక్షా పోర్టల్‌లో ఆన్‌లైన్ చేసినారు. ఒకటి నుంచి ఎనిమిది చెప్పేవాళ్లకు 18 కోర్సులు. ఆడ మగ తేడాల మీద ఒకటి, పోక్సో చట్టం మీద ఒకటి, బడి నాయకత్వం మీద ఒకటి. మంచివే, కాదనను. ఆ 18 కోర్సుల పేర్లు వరసగా చదువు, కులం అన్న మాట యాడా కనపడదు. రాయలసీమలో బడి నడపబోయే మనిషికి అన్నీ చెప్పి, ఆ ఒక్కదాన్ని పేరు పెట్టి పిలవకపోతే ఏం నేర్పినట్టు? ఇంక ఆన్‌లైన్ కోర్సంటే తెలిసిందే. వీడియో ఆన్ చేసి ఫోను గూట్లో పెట్టి, మన పని మనం చేసుకోవచ్చు. సర్టిఫికెట్ దానంతట అదే వస్తుంది.

టీచరమ్మ: పేరు పెట్టి పిలవకపోవడం రాసినవాళ్ల లోపం. ఫోను గూట్లో పెట్టడం చూసేవాళ్ల లోపం. మధ్యలో ఫోను ఏం చేసింది? 2020 జాతీయ విద్యా విధానం హెడ్మాస్టర్లకు కూడా ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ గంటల్లో సగానికి సగం ఎట్లాగూ స్క్రీను మీదికే పోతాయి. మనం అక్కడ లేకపోతే పద్దులు, ఫైళ్లు, ఫారాలు వచ్చి ఆ చోటు నింపుతాయి. కులాన్ని అక్కడికే తీసుకుపోవాలంటున్నాను.

పెద్దసారు: తీసుకుపోయి ఏం చేస్తావు?

టీచరమ్మ: ఒకటి అడుగుతాను. నలభై మందిని కూర్చోబెట్టి, "మీ బళ్లో వరండా ఊడ్చేది, మరుగుదొడ్డికి నీళ్లు మోసేది ఏ పిల్లలు?" అని అడిగితే ఎంతమంది నోరు తెరుస్తారు?

పెద్దసారు: ఒక్కరు కూడా తెరవరు. పక్కన మండలాఫీసు నుంచి ఎవరైనా కూర్చుని ఉంటే అసలే తెరవరు.

టీచరమ్మ: పేరు చెప్పకుండా ఫోన్లో నొక్కమంటే నొక్కుతారు. మొత్తం లెక్క గోడ మీద పడుతుంది, అందరూ ఒకేసారి చూస్తారు. "మా దగ్గర అట్లాంటివి ఎప్పుడో పోయినాయి" అని ప్రతి సమావేశంలో అనే పెద్దమనిషికి, ఆ లెక్క కళ్లముందున్నప్పుడు ఆ మాట గొంతు దాటదు.

పెద్దసారు: పేరు లేని నిజానికి బాధ్యుడు ఎవరమ్మా? గోడ మీది లెక్క చూసి ప్రతివాడూ అది పక్కూరి బడి అనుకుంటాడు. అయ్యో అంటాడు, టీ తాగుతాడు, బస్సెక్కుతాడు. ఒప్పుకోవడమనేది ఒకరి మొహం ఒకరు చూసుకుంటా జరగాల. జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అదే డీపెప్, వచ్చినప్పుడు మన రాష్ట్రంలో మొదట తీసుకున్న ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఆ కాలంలో టీచర్లం గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం, పోట్లాడుకునేవాళ్లం. నాకు తెలిసిందంతా ఆ పోట్లాటల్లో తెలిసిందే.

టీచరమ్మ: ఆ గుండ్రంలో మా ఎస్సీ గేరి నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది సార్?

పెద్దసారు: తక్కువే.

టీచరమ్మ: ఇప్పుడు నేను చెప్పేది మీకు కష్టంగా ఉండొచ్చు. ఏ శిక్షణకు పోయినా కులం మాట రాగానే హాలంతా నా వైపు తిరుగుతుంది. "మేడమ్, మీరు చెప్పండి, మీ అనుభవం చెప్పండి." చెప్తే, "ఇంకా ఉందా ఇదంతా" అని ఆశ్చర్యపోతారు. చెప్పకపోతే, "చూశారా, మేడమే ఏమీ లేదంటున్నారు" అంటారు. వాళ్ల చదువు కోసం నేను ప్రతిసారీ నా గాయం విప్పి చూపించాలా? మీరు మెచ్చుకునే ముఖాముఖిలో బరువు మోసేది మేమే, తేలికపడి ఇంటికి పోయేది వాళ్లు. ఆ ప్రశ్న స్క్రీను అడిగితే, ఆ కథ ముందే రికార్డయి ఉంటే, ఆ ఒక్కపూట నేనూ అందరిలాగా ఒక టీచరుగా కూర్చోగలను. నేను టెక్నాలజీ అంటున్నది ముందు దీనికోసం.

ఇద్దరి వాదనల్లోనూ నాకు అన్నిటికన్నా బలంగా తగిలింది ఇదే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని మనలో చాలామందిమి నమ్మకంతో చెబుతాం. అట్లా కూర్చున్నప్పుడు ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి అన్నది ముందే ఖరారై ఉంటుందన్న సంగతి పట్టించుకోం. పెద్దసారు కూడా ఈ మాటను తోసెయ్యలేదు. కాస్త ఆగి, ప్రశ్ననే మార్చారు.

పెద్దసారు: అయితే నిన్ను అడగకూడదు. నాబోటి వాణ్ని అడగాల. మీ ఇంట్లో పనిమనిషి తాగే గ్లాసు యాడ పెడతారు? మీ చేలో కూలోళ్లకు నీళ్లు ఎట్ల పోస్తారు? మీ తాత బావిలో ఎవరు తోడుకున్నారు, ఎవరు గట్టు మీద నిలబడి అడుక్కున్నారు? కులం వల్ల లాభపడినవాడు తన కులం కథ చెప్పాల. దానికి ఫోనెందుకు?

టీచరమ్మ: వాళ్లలో చాలామందికి తమకూ ఒక కులం కథ ఉందని తెలియదు సార్. కులం అంటే ఎస్సీలదే అనుకుంటారు. మీరు చెప్పిన ఈ ప్రశ్నలే ముందురోజు రాత్రి ఫోనుకు పంపిస్తాను. ఒంటరిగా, ఎవరూ చూడకుండా, తోచింది తన గొంతుతోనే చెప్పి పెట్టుకోమంటాను. ఎవరికీ పంపనక్కర్లేదు. పొద్దున హాలుకు వచ్చేటప్పటికి ఆయన ఒకసారి తన మాట తాను విని వస్తాడు.

పెద్దసారు: అది నాకు నచ్చింది. గ్రాఫులు నచ్చలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ దిక్కు సీడు పత్తి చేలు ఎట్ల నడిచినాయో నీకు నేను చెప్పనక్కర్లేదు. హైబ్రిడ్ విత్తనం కావాలంటే క్రాసింగు చేయాల. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తీసేయాల, మర్నాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి రుద్దాల. ప్రతి పువ్వుకూ, చేత్తోనే, నెలల తరబడి. ఆ పని ఎక్కువగా చేసింది ఆడపిల్లలు. చిన్నవేళ్లయితే పని సులువుగా అవుతుందని చెప్పేవాళ్లు. అసలు సంగతి వేళ్లు కాదు, కూలి. పెద్దవాళ్లకంటే తక్కువిస్తే సరిపోతుంది, తండ్రికి ముందే అడ్వాన్సు పడేసి ఉంటే పిల్ల యాడికీ పోదు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఏళ్ల తరబడి ఆ చేలు తిరిగి ఇదంతా రాసినారు, విత్తనం కంపెనీలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేంతగా. మరి ఆ కాలంలో ఆ పిల్లల పేర్లు యాడున్నాయి? రిజిస్టర్లలో. 'పి' మీద 'పి'. రోజూ బడికొచ్చినట్టే. ఇప్పుడు అదే హాజరు యాప్‌లో వేస్తున్నారు. పెన్ను మారింది, చెయ్యి మారలేదు. హెడ్మాస్టరు పెట్టిన అబద్ధాన్నే నీ గ్రాఫు రంగుల్లో చూపిస్తుంది.

టీచరమ్మ: అబద్ధం కూడా జాడ వదిలిపెడుతుంది సార్. హాజరు ఒకచోట ఎక్కుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నవాళ్ల లెక్క ఇంకోచోట. పరీక్ష రాసినవాళ్లు వేరేచోట. ఏ తరగతిలో ఏ సామాజిక వర్గం ఆడపిల్లలు ఎందరో బడుల లెక్కలుండే యూడైస్ ప్లస్‌లో ఉంటుంది. నాలుగూ పక్కపక్కన పెట్టి నెలవారీగా చూడండి. ఏడో తరగతిలో ఉండి ఎనిమిదిలో లేని పిల్ల, హాజరుంది కానీ పరీక్ష రాయని పిల్ల, ఒక పంట కాలంలో మాత్రమే అన్నం తినని పిల్ల కనబడతారు. ఇది చేత్తో చేయాలంటే నెల పడుతుంది. స్క్రీను మీద ఒక పూట. కాబోయే హెడ్మాస్టరుకు నేను నేర్పాలనుకునేది తన బడి లెక్కను తానే అనుమానించడం.

పెద్దసారు: అన్నం లెక్క వెనక బియ్యం ఉంటాయి. అది కూడా అన్నిచోట్లా నిజం కాదు.

టీచరమ్మ: రెండు అబద్ధాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ పొసగని చోట మొదలుపెట్టమంటాను.

పెద్దసారు: మొదలుపెట్టి? పిల్ల పేరు దొరికింది. ఇంక ఆ ఇంటికి పోవాల. అప్పెంతో అడగాల. చేని ఆసామితో తగువు పడాల. ఆ ఆసామి బడికి గది కట్టించిన దాత అయ్యుండొచ్చు, పంద్రాగస్టుకు జెండా ఎగరేసే పెద్దమనిషి అయ్యుండొచ్చు. శాంతా సిన్హా ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. ఆ ఒక్కమాట పట్టుకుని ఊరూరా గడపగడపకూ పోయినారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ గడపలు ఎక్కకుండా వచ్చిందా?

టీచరమ్మ: గడప ఎక్కకుండా సరిపోతుందని నేను అనలేదు. ఏ గడప ఎక్కాలో తెలియాలి కదా. ఆ తగువు కూడా ముందుగా ఒకసారి ఫోన్లో ఆడి చూడొచ్చు. దాత ఫోన్ చేశాడు, "మా చేలో పిల్లల జోలికి ఎందుకొస్తావు సారూ" అన్నాడు. మీరేమంటారు? ఒక జవాబు ఎంచుకుంటే కథ ఒక దారిలో పోతుంది, ఇంకోటి ఎంచుకుంటే ఇంకో దారిలో. మూడుసార్లు తప్పు చేసినా ఎవరి బతుకూ పాడవదు.

పెద్దసారు: ఫోన్లో ధైర్యానికి ఖర్చు లేదమ్మా. ఎస్.ఆర్. శంకరన్‌కు ఎవరు ఇట్లాంటి ఆట ఆడించినారు? 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు పెట్టించిన ఐఏఎస్ ఆఫీసరు ఆయన. వెట్టిచాకిరీ చేసేవాళ్ల గుడిసెల ముందు కూర్చుని నేర్చుకున్నాడు.

టీచరమ్మ: శంకరన్ గారి లాంటివాళ్లు తరానికి ఒకరు పుడతారు. నాకు ప్రతి బడికీ ఒక హెడ్మాస్టరు కావాలి. మామూలు మనిషి, కొంచెం భయస్తుడు, ఇంటి లోను కట్టుకుంటున్నవాడు. శిక్షణ ఆయన కోసం.

పెద్దసారు: సరే. నీ వీడియోల్లో వేంపెంట ఉందా?

వేంపెంట ఈ మండలంలోని ఊరే. 1998 జులైలో అక్కడ దళితులను ఊచకోత కోశారు. 1985 నాటి కారంచేడు, 1991 నాటి చుండూరు తెలిసినంతగా ఆ పేరు బయట తెలియదు. పాములపాడు మండలంలో బడి నడపబోయే మనిషికి తెలియకపోతే మాత్రం అది చిన్న విషయం కాదు.

టీచరమ్మ: లేదు. పెట్టాలనుంది. ఆ రోజులు చూసిన పెద్దల మాటలు రికార్డు చేసి వినిపించాలని.

పెద్దసారు: వద్దు. ఒక ముసలామె ఏడుస్తా చెప్పిన మాట నీ ఫోన్లోంచి నలభై ఫోన్లలోకి పోతుంది. అక్కణ్ణుంచి యాడికి పోతుందో నీ చేతుల్లో లేదు. ముందూ వెనకా కత్తిరించి ఎన్నికల ముందు వదిలేవాళ్లున్నారు. శిక్షణ అయిపోతే నువ్వు నంద్యాల పోతావు. ఆమె ఆ ఊళ్లోనే ఉంటుంది. ఆ రోజు చెరోపక్క ఉన్న ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఒకే బళ్లో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. వాళ్ల మధ్యలోకి నీ ఫోను ఏం తెస్తుందో ఆలోచించినావా?

టీచరమ్మ: ఆలోచించాను. రికార్డు చేయకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ఆ పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. కొత్తగా బదిలీ మీద వచ్చే హెడ్మాస్టరు అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా ఎవరూ ఏమీ చెప్పరు. ఆయన ఏ పిల్లను ఎవరి పక్కన కూర్చోబెడుతున్నాడో, ఏ పిల్లవాడు ఎందుకు తలెత్తడో ఆయనకు అర్థం కాదు. ఊరు ప్రశాంతంగా ఉండాలని మాట్లాడకుండా ఉంటే ఆ ప్రశాంతత ఎవరిది సార్? నేను వాట్సాప్‌లో పెట్టనంటున్నాను. మొహం లేకుండా, గొంతు మార్చి, ఇంటర్నెట్ తగిలించని ఒక్క కంప్యూటర్లో ఉంచి, హాల్లో మాత్రమే వినిపిస్తాను. వినేముందు ఫోన్లన్నీ బయట బుట్టలో వేయిస్తాను. ఆమె ఎప్పుడు వద్దంటే అప్పుడు చెరిపేస్తాను.

పెద్దసారు: ఆమె ఒప్పుకుంటేనే అంటావు. టీచరుద్యోగం చేస్తూ, తన గేరిలోంచే ఎదిగొచ్చిన ఆడబిడ్డ పోయి అడిగితే కాదంటుందా? అది ఒప్పుకోవడం ఎట్లయితుంది?

టీచరమ్మ: ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను అడగకుండా ఆమె ఇంట్లో వాళ్ల చేత అడిగించాలి. చెప్పాక వారం ఆగి, మళ్లీ వినిపించి, మళ్లీ అడగాలి. అప్పటికీ అనుమానంగా ఉంటే వదిలేయాలి.

పెద్దసారు: వదిలేయాల.

టీచరమ్మ: బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు 40 గంటల్లో అక్షరాలు నేర్పించాడు. ఆయన పద్ధతిలో నడిచిన బృందాలు స్లైడ్ ప్రొజెక్టర్లు వాడాయి, పోలండ్ నుంచి తెప్పించిన చౌక యంత్రాలు. గోడ మీద ఒక బొమ్మ పడుతుంది. మనిషి, పార, బావి. ఆ బొమ్మ ఏమీ బోధించదు. దాన్ని చూసి కూలీలే మాట్లాడతారు. మరుసటి ఏడాది సైన్యం అధికారంలోకి వచ్చి ఆయన్ని జైల్లో పెట్టింది. స్క్రీను మనుషుల నోరు నొక్కేస్తుందని మీరంటున్నారు. అక్కడ స్క్రీను ముందే నోళ్లు తెరుచుకున్నాయి.

పెద్దసారు: అక్కడ నేర్చుకున్నది కూలీ. తన బతుకు బొమ్మ తానే చూసుకున్నాడు. ఇక్కడ నేర్చుకునేది అధికారం చేతికి రాబోతున్నవాడు. వానికి పేదోడి బొమ్మ చూపిస్తే జాలి పుడుతుంది. రెండు నోటుపుస్తకాలు కొనిచ్చి ఫొటో దిగుతాడు. అంతటితో సరి.

టీచరమ్మ: అందుకే పేదోడి బొమ్మ వద్దు. ఆయన బడి బొమ్మే వేద్దాం. చివరి బెంచీలో ఎవరున్నారు? ప్రార్థనలో స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని ఎవరు పిలుస్తున్నారు? వంటగదిలో ఎవరున్నారు? పేర్లు, మొహాలు లేకుండా, బెంచీల పటం ఒకటి చాలు.

పెద్దసారు: వంటగది మంచి మాట అన్నావు. 2001లో బళ్లో వండిన అన్నం పెట్టాలన్న సుప్రీంకోర్టే, 2004 ఏప్రిల్ 20న వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇమ్మంది. రెండు దశాబ్దాలు దాటింది. నువ్వు క్విజ్ పెట్టొద్దు. శిక్షణ అయిన మూడు నెలలకు ఆ హెడ్మాస్టరు బళ్లో పొయ్యి దగ్గర ఎవరున్నారు, ఆమె వండింది ఎవరు తింటున్నారు, ఎవరు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటున్నారు, దాని గురించి ఆయన ఏం చేసినాడు? మార్కులు దానికి వెయ్యి.

టీచరమ్మ: ఆ మాట మీద మీతో ఉన్నాను. ఒక ఫొటో, నాలుగు వాక్యాలు అప్‌లోడ్ చేయమంటాను.

పెద్దసారు: మళ్లీ ఫొటోనా! గుడ్డుకు ఫొటో, మరుగుదొడ్డికి ఫొటో. హెడ్మాస్టర్ల పొద్దంతా ఫొటోల కిందే పోయేది. అప్‌లోడ్ చేసింది ఎవరు చూస్తారు? పైన ఇంకో ఆఫీసరు. ఆయన దగ్గర పచ్చరంగు పడితే చాలు. న్యాయం జరిగిందో లేదో చెప్పాల్సింది గేరిలో తల్లి, ఆ ఆఫీసరు కాదు. నెలకోసారి 30న పౌర హక్కుల దినం జరపాలని ఉంది కదా, తహసీల్దారు, పోలీసులు గేరికి రావాల్సిన రోజు. హెడ్మాస్టరు తన బడి లెక్క అక్కడ నిలబడి చదవాల.

టీచరమ్మ: ఆ రోజు చాలా ఊళ్లలో సంతకాలతో అయిపోతుంది సార్. దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల జనాభాను బట్టి చోటివ్వాలి. హెడ్మాస్టరు ఆ తల్లులకు తన గొంతుతో తెలుగులో ఐదు నిమిషాలు రికార్డు చేసి పంపాలి. ఈ నెల ఎంతమంది రాలేదు, ఎవరు వండుతున్నారు, ఏ పిల్ల చేలోకి పోయింది, నేనేం చేశాను. చదువు రాని తల్లి కూడా వింటుంది. మళ్లీ మళ్లీ వింటుంది. పై ఆఫీసుకు పోయే సమాచారాన్ని కిందికి తిప్పడం, అంతే.

పెద్దసారు: ఆ ఇళ్లల్లో ఫోను ఎవరి జేబులో ఉంటుంది? మొగుడి జేబులో. రాత్రి ఆయన ఇంటికొచ్చి ఇస్తే కదా ఆమె వినేది.

టీచరమ్మ: అయితే ముందు గేరిలో నిలబడి చదవాలి. చదివేటప్పుడు రికార్డు చేయాలి. రాలేనివాళ్లకు ఆ రికార్డు పోవాలి. అందులో పిల్లల పేర్లుండవు, లెక్కలే ఉంటాయి.

పెద్దసారు: చదవడం ముందు, ఫోను తర్వాత. ఆ వరస నీ కాగితం మొదటి పేజీలోనే రాయి. రికార్డు ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయి.

టీచరమ్మ: కమిటీలో ఉన్న తల్లుల దగ్గర. మండలాఫీసులో కాదు.

పెద్దసారు: వేంపెంట సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

టీచరమ్మ: ఒప్పుకోవద్దు సార్. ఆ క్లాసు రోజు మీరొచ్చి హాల్లో కూర్చోండి. రికార్డు వినిపించాలో వద్దో ఆ రోజు పొద్దున మళ్లీ మాట్లాడదాం.